అత్తమ్మ మోకాళ్లు, చిన్నదాని ఆకలి: కృష్ణ మీద మన ఇంటికి సరిపోయే బోటు ఏది?

మాది మహబూబ్‌నగర్, నా పుట్టిల్లు మిర్యాలగూడ. రెండు వైపులా కలిసి బయల్దేరితే 14 మందిమి అవుతాం. అత్తమ్మకు 72 ఏళ్లు, మోకాళ్లు రెండూ అరిగాయి. మామయ్యకు షుగరు, బీపీ. మా అమ్మకు నీళ్లంటే భయం. మా తమ్ముడి చిన్న కూతురికి 4 ఏళ్లు, ఆకలైతే ఆగదు. ఆడపడుచు కొడుకు ఇంటర్ చదువుతున్నాడు, ఎక్కడికి పోయినా అరగంటకే "ఇంకెంతసేపు" అంటాడు. వీళ్లందరినీ ఒకే బోటులో కూర్చోబెట్టి, అందరూ సంతోషంగా ఇంటికి వచ్చేలా చూడాలంటే ఎంత ఆలోచించాలో ఇలాంటి ఇల్లున్న వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఇన్నేళ్లలో సోమశిలకు మూడుసార్లు, సాగర్‌కు రెండుసార్లు, సాగర్ నుంచి శ్రీశైలం పెద్ద లాంచీలో ఒకసారి, కురువపురానికి ఒకసారి పోయొచ్చాం. దసరా సెలవులకో సంక్రాంతికో ఇంటిల్లిపాదీ బోటెక్కాలనుకునే మన పాలమూరు, నల్లగొండ వాళ్ల కోసం, ఏది ఎవరికి సరిపోతుందో నాకు తెలిసినంత వరకు రాస్తున్నా.

అందరూ ముందు అడిగేది "అక్కడ చూడ్డానికి ఏముంది" అని. నేను మాత్రం ముందు ఇంకోటి అడుగుతా. మీ ఇంట్లో అందరికన్నా కష్టంగా నడిచే మనిషి ఎవరు, ఆ మనిషి బోటులోకి ఎలా ఎక్కుతుంది, ఎలా దిగుతుంది? దీనికి జవాబు దొరికితే ఎక్కడికి పోవాలో, ఏ నెలలో పోవాలో, ఎలాంటి బోటు మాట్లాడుకోవాలో సగం తేలిపోయినట్టే.

ఇది నాకు మొదటిసారి సోమశిల పోయినప్పుడు తెలిసొచ్చింది. పిల్లలకు సెలవులు కదా అని మే నెలలో పోయాం. ఘాటు మెట్లు ఎక్కడో పైనే అయిపోయాయి, నీళ్లు చాలా కిందికి దిగిపోయి ఉన్నాయి, మధ్యలో అంతా ఒండ్రు, రాళ్లు. బోటు నీళ్లలో ఉంది గానీ దాని దాకా పోయే దారి లేదు. అత్తమ్మ నాలుగడుగులు వేసి ఆగిపోయింది. "మీరు పోయి రండి బిడ్డా, నేనిక్కడ కూసుంటా" అని చెట్టు నీడకు పోయి కూర్చుంది, ఆమెకు తోడుగా మా అమ్మ. మేం రెండు గంటలు తిరిగొచ్చేసరికి ఇద్దరూ ఎండకు వాడిపోయి ఉన్నారు. వాళ్ల కోసమని బయల్దేరి, వాళ్లనే ఒడ్డు మీద వదిలేసి పోయామని నాకు చాలా రోజులు బాధగా ఉండింది. తర్వాత డిసెంబర్‌లో మళ్లీ అదే సోమశిల, అదే ఘాటు. నీళ్లు మెట్ల మీదికి వచ్చి ఉన్నాయి, బోటు మెట్టుకు ఆనుకుని నిలబడింది, అత్తమ్మ ఒక చెయ్యి నాకు, ఒక చెయ్యి మా మరిదికి ఇచ్చి ఒకే ఒక్క అడుగు వేసి ఎక్కేసింది. ఊరు మారలేదు, బోటు మారలేదు, నెల మారిందంతే.

అందుకే ముందు నీళ్ల లెక్క చెప్తా.

కృష్ణకు ఎగువన మహారాష్ట్ర, కర్ణాటకలో వానలు పడ్డాక ముందు జూరాల నిండుతుంది, తర్వాత శ్రీశైలం, ఆ తర్వాత సాగర్. మంచి కాలమైతే జూలై చివర నుంచి ఆగస్టు దాకా ఈ వరస నడుస్తుంది. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, సాగర్‌ది 590 అడుగులు. ఈ నెంబర్లు వానాకాలంలో రోజూ పేపర్లో వస్తుంటాయి, మనం రైతుల కోసం అనుకుని పేజీ తిప్పేస్తాం గానీ బోటు ట్రిప్‌కు ఇంతకన్నా పనికొచ్చే సమాచారం లేదు. సోమశిల దగ్గరున్నది శ్రీశైలం ప్రాజెక్టు వెనకనీళ్లే కాబట్టి శ్రీశైలం మట్టం 885కు దగ్గరగా ఉందంటే సోమశిల మెట్ల దాకా నీళ్లున్నట్టు. సాగర్ లాంచీకైతే సాగర్ మట్టం చూసుకోవాలి. వరద ఉధృతంగా వస్తున్న రోజుల్లో మాత్రం బోట్లు ఆపేస్తారు, ఆపకపోయినా పెద్దవాళ్లతో పోకూడదు. గేట్లు ఎత్తారని టీవీలో చూసి సాగర్‌కు పరుగెత్తే జనంతో ఆ రోజుల్లో డ్యాం దగ్గర ట్రాఫిక్ ఎక్కడికక్కడ ఆగిపోతుంది, 26 గేట్లూ ఎత్తితే చూడ్డానికి రెండు కళ్లు చాలవు నిజమే గానీ ఆ రోజు చూడ్డానికే పోవాలి, బోటుకు ఇంకో రోజు పెట్టుకోవాలి. నా లెక్కలో నవంబర్ నుంచి జనవరి దాకా పెద్దవాళ్లతో బోటుకు అన్నిటికన్నా మంచి కాలం. వరద తగ్గి ఉంటుంది, నీళ్లు ఇంకా మెట్ల దగ్గరే ఉంటాయి, ఎండ మీద పడ్డా హాయిగానే ఉంటుంది. పొద్దున మాత్రం నీళ్ల మీద చలి గట్టిగా ఉంటుంది, పిల్లలకు మంకీ క్యాప్, పెద్దవాళ్లకు శాలువ తప్పనిసరి.

ఇక సీటు టికెట్ తీసుకుని అందరితో పాటు లాంచీ ఎక్కాలా, బోటు మొత్తం మనమే మాట్లాడుకోవాలా?

నలుగురైదుగురు ఉంటే సీటు టికెట్టే మేలు. 10 మంది దాటి, అందులో ముసలివాళ్లు, చిన్నపిల్లలు ఉంటే బోటు మొత్తం మాట్లాడుకోవడమే మేలని నా అభిప్రాయం. కారణం డబ్బు కాదు, టైం. అందరి లాంచీలో టైం వాళ్ల చేతిలో ఉంటుంది. జనం నిండాలని గంట ఆపుతారు, దిగిన చోట ఇంత టైమే అంటారు, హారన్ కొడితే పరుగెత్తాలి. మనం మాట్లాడుకున్న బోటులో మామయ్య ట్యాబ్లెట్ వేసుకునే దాకా ఆగొచ్చు, చిన్నది ఏడిస్తే వెనక్కి తిప్పమనొచ్చు. ఈ "వెనక్కి తిప్పమనడం" చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ నీళ్ల మధ్యలో ఎవరికైనా తల తిరిగినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

డబ్బు లెక్క కూడా ఒకసారి వేసి చూడండి. బోటు మొత్తం రేటు వినగానే ఎక్కువ అనిపిస్తుంది. దాన్ని మనుషులతో భాగించి, ఒక్కొక్కరికి ఎన్ని గంటలకు ఎంత పడిందో చూసి, అదే మందికి సీటు టికెట్లు కొంటే ఎంతయ్యేదో పక్కన రాసుకుంటే చాలాసార్లు తేడా మనం భయపడ్డంత ఉండదు. కాకపోతే బేరం ఆడేటప్పుడే అన్నీ తేల్చుకోవాలి. ఒకసారి ఒక రేవులో, ఏదో చెప్పను, ఒక మాట అనుకుని ఎక్కాం, తిరిగొచ్చాక "ఆగిన టైంకు వేరే" అని ఇంకొంత అడిగారు, పిల్లల ముందు గొడవెందుకని ఇచ్చేశాం. ఆ తర్వాత నుంచి ఎక్కే ముందే అడుగుతున్నా: రేటు గంటకా, పోయి రావడానికా? మధ్యలో దిగి గుడి చూస్తే ఆగినందుకు వేరే తీసుకుంటారా? డీజిల్ కలిపేనా? ఎంతమందిని ఎక్కిస్తారు, మధ్యలో వేరే వాళ్లను ఎక్కించుకుంటారా?

ఇప్పుడు ఒక్కో చోటు గురించి.

సోమశిలతో మొదలుపెడతా, ఎందుకంటే మొత్తం బోటు మాట్లాడుకోవాలనుకునే వాళ్లకు మన దక్షిణ తెలంగాణలో దీనికి మించింది నాకు కనిపించలేదు. నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ మండలం, కొల్లాపూర్ నుంచి 10 కిలోమీటర్ల లోపే. హైదరాబాద్ వాళ్లకు 180 కిలోమీటర్ల చుట్టూ. ఊర్లో లలితా సోమేశ్వరాలయం ఉంది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోయే గుళ్లను విప్పి తెచ్చి ఎత్తు మీద మళ్లీ కట్టారు, రాళ్ల మీద ఆ పని ఇప్పటికీ తెలుస్తుంది. 2016 పుష్కరాలప్పుడు ఘాట్లు వెడల్పుగా కట్టారు కాబట్టి బోటెక్కని వాళ్లకు కూడా కూర్చోవడానికి చోటుంది. ఇక్కడ టూరిజం వాళ్ల బోటు, బస చేయడానికి కాటేజీలు ఉన్నాయి, ఊరివాళ్ల మోటారు బోట్లు కూడా ఉంటాయి. గంట తిరిగి రావచ్చు, రెండు మూడు గంటలు పెట్టుకుని నల్లమల ఒడ్డు వెంట అమరగిరి వైపు పోయి రావచ్చు. రెండు పక్కలా కొండలు, మధ్యలో ఇంత వెడల్పు నీళ్లు, పొద్దున 7 గంటలకు అసలు అల కూడా ఉండదు. మా అమ్మ భయం పోయింది ఇక్కడే. ముందు అరగంట నా చెయ్యి వదల్లేదు, తర్వాత నీళ్లలో చెయ్యి పెట్టి చూస్తోంది.

అటు వైపు అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది కాబట్టి అడవి ఒడ్డున ఎక్కడ పడితే అక్కడ దిగుతామంటే కుదరదు. బోటు అతను వద్దంటే వద్దనే.

సోమశిల పోతున్నామంటే పెద్దవాళ్లందరూ అడిగేది సంగమేశ్వరం. అవతలి ఒడ్డున, ఆంధ్ర వైపు, ఏడు నదులు కలిసే చోటని పేరు. కృష్ణ, తుంగ, భద్ర, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి. లోపల వేపమొద్దు లింగం. ఏడాదిలో ఎక్కువ నెలలు ఈ గుడి నీళ్లలోనే ఉంటుంది, శ్రీశైలం మట్టం 840 అడుగుల చుట్టుపక్కలకు దిగితే గానీ పూర్తిగా బయటపడదు. అంటే మామూలుగా ఎండాకాలమే. ఇక్కడే చిక్కంతా. గుడి కనిపించే రోజుల్లో మెట్ల దగ్గర నీళ్లుండవు, ఎండ 40 దాటుతుంది, బురదలో నడవాలి. నీళ్లు నిండుగా, అత్తమ్మ హాయిగా ఎక్కగలిగే రోజుల్లో గుడి కింద మునిగి ఉంటుంది. రెండూ ఒకే ట్రిప్‌లో కావాలంటే దొరకవు. పెద్దవాళ్లకు సంగమేశ్వరుడి దర్శనమే ముఖ్యమైతే బోటు పక్కన పెట్టి, ఆంధ్ర వైపు ఆత్మకూరు మీదుగా బండిలో పోవడమే నయం. గుడి బయటపడ్డ రోజుల్లో జనం ఆ దారిన పోతూనే ఉంటారు. ఆ సంగతి ఇంట్లో ముందే చెప్పాలి, లేకపోతే డిసెంబర్‌లో బోటెక్కించి "గుడి ఏది బిడ్డా" అని అత్తమ్మ అడిగితే నీళ్ల వైపు చెయ్యి చూపించాల్సి వస్తుంది. నాకు అదే అయింది. ఆమె ఆ నీళ్లకే దండం పెట్టుకుని, పూలు వదిలింది.

సోమశిలకు తక్కువ ఏంటంటే, తిండి. పెద్ద హోటళ్లుంటాయనుకోవద్దు. ఘాటు దగ్గర చేపల వేపుడు దొరుకుతుంది, బాగుంటుంది, కానీ 14 మందికి మధ్యాహ్నం భోజనం మనమే చూసుకోవాలి. డాక్టరు, మందుల దుకాణం కావాలంటే కొల్లాపూర్ రావాల్సిందే. మామిడి కాలంలో పోతే వచ్చేటప్పుడు కొల్లాపూర్ బేనిషాన్ తెచ్చుకోవడం మర్చిపోవద్దు.

నాగార్జునసాగర్ సంగతి వేరు. నల్లగొండ, మిర్యాలగూడ వాళ్లకు ఇంటి పక్కనే, హాలియా మీదుగా పొద్దున బయల్దేరి రాత్రికి ఇంటికి రావచ్చు. మా పాలమూరు వాళ్లకు జడ్చర్ల, కల్వకుర్తి, దేవరకొండ మీదుగా పొడవు దారి, ఒక రాత్రి ఉండాల్సిందే. ఇక్కడ సోమశిలలో లాగా ఒడ్డున బేరమాడి చిన్న బోటు తీసుకోవడం కాదు, టూరిజం లాంచీలే. పెద్ద గుంపుకు లాంచీ మొత్తం ఇస్తారా అని ముందే ఫోన్‌లో మాట్లాడుకోవాలి. లాంచీ పెద్దది, కింద నీడ ఉంటుంది, నడవా ఉంటుంది, ఊగడం తక్కువ. నీళ్లంటే భయమున్న వాళ్లకు, పసిపిల్లలున్న వాళ్లకు చిన్న బోటు కన్నా ఇదే ధైర్యం.

నాగార్జునకొండ దాకా పోను దాదాపు గంట, రాను గంట. కొండ మీద మ్యూజియం ఉంది. డ్యాం కడితే లోయ మొత్తం మునిగిపోతుందని 1954 నుంచి ఏళ్ల తరబడి తవ్వి, ఇక్ష్వాకుల పాత రాజధాని విజయపురిలో దొరికినవన్నీ కొండ మీదికి తెచ్చి పెట్టారు. ఒకప్పుడు లోయలో కొండ, ఇప్పుడు నీళ్ల మధ్య దీవి. మామయ్య రిటైర్డ్ టీచర్, ఆయనకు ఆ శిల్పాల దగ్గర గంట చాలలేదు. ఇంటర్ పిల్లాడు కూడా ఇక్కడ మాత్రం ఫోన్ జేబులో పెట్టాడు. అయితే గుర్తుపెట్టుకోండి, శుక్రవారం మ్యూజియానికి సెలవు. లాంచీ దిగాక మ్యూజియం దాకా నడక ఉంటుంది, మధ్యాహ్నం ఎండలో అయితే మోకాళ్ల వాళ్లకు కష్టమే, పొద్దున మొదటి లాంచీకే పోవాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. సాగర్‌లో రెండు రేవులున్నాయి, ఒకటి తెలంగాణ వైపు హిల్ కాలనీ దగ్గర, ఇంకోటి ఆంధ్ర వైపు విజయపురి సౌత్‌లో. తెలంగాణ వైపు లాంచీ ఆ రోజు కొండ దాకా పోతుందా, లేక రిజర్వాయర్‌లో ఒక చుట్టు తిప్పి తెచ్చే జాలీ ట్రిప్పేనా అన్నది ఫోన్ చేసి కనుక్కున్నాకే బయల్దేరండి. కొండే చూడాలనుకుంటే విజయపురి సౌత్ రేవు కూడా లెక్కలో పెట్టుకోండి. జాలీ ట్రిప్‌ను తక్కువ చేయడం లేదు నేను. చిన్నపిల్లలకు, నడవలేని వాళ్లకు అదే సరిగ్గా సరిపోతుంది, ఎక్కడా దిగే పని లేదు, డ్యాం వైపు నుంచి గాలి తగులుతూ కూర్చుంటే చాలు.

సాగర్‌కు ఉన్న పెద్ద బలం ఏంటంటే బోటు లేకపోయినా రోజు నిండిపోతుంది. గాలి ఎక్కువై లాంచీ ఆపేశారనుకోండి, సోమశిలలో అయితే ఘాటు మీద కూర్చుని వెనక్కి రావాలి. ఇక్కడ బుద్ధవనం ఉంది, 274 ఎకరాల్లో, 2022 మేలో తెరిచారు. 11 కిలోమీటర్లు పోతే ఎత్తిపోతల, చంద్రవంక వాగు 70 అడుగుల మీంచి దూకుతుంది. ఆంధ్ర వైపు అనుపులో తవ్వకాల్లో దొరికిన కట్టడాలను మళ్లీ నిలబెట్టారు, బండి దాకా పోతుంది. ఇంట్లో సగం మంది బోటెక్కం అంటే వాళ్లకు వేరే చూపించడానికి చోటుంది. గుంపు ఎంత పెద్దదైతే ఈ రెండో దారి అంత అవసరం.

సాగర్ నుంచి శ్రీశైలం పెద్ద లాంచీ. ఇది ప్రయాణం కాదు, ఒక రోజు జీవితం. 110 కిలోమీటర్ల పైన, 5, 6 గంటలు నీళ్ల మీదే, నల్లమల మధ్యలోంచి. సాగర్ నిండుకుండలా ఉంటేనే నడుపుతారు కాబట్టి ఏటా అన్ని నెలలూ ఉండదు, నడిపే తేదీలు కూడా ముందే చూసుకోవాలి. ఇలాంటిదే సోమశిల నుంచి శ్రీశైలానికి కూడా ఉంది. మేం పోయింది సాగర్ నుంచి. మొదటి రెండు గంటలు అందరూ పైన నిలబడి ఫోటోలు, మూడో గంటకు పిల్లలు కిందికొచ్చి పడుకున్నారు, నాలుగో గంటకు చిన్నది "దిగుదాం" అని మొదలుపెట్టింది. దిగడానికి ఎక్కడా లేదు. మామయ్య మాత్రం ఆ రోజు గురించి ఇప్పటికీ చెప్తాడు, రెండు కొండల మధ్య నది సన్నబడే చోట ఇంజన్ చప్పుడు కొండకు తగిలి తిరిగి వినిపించిందని. నడవగలిగే పెద్దవాళ్లు, 10 ఏళ్లు దాటిన పిల్లలు ఉన్న ఇంటికి ఇది తప్పకుండా చెప్తా. 6 ఏళ్ల లోపు పిల్లలున్నా, గంటకోసారి బాత్రూంకు పోవాల్సిన వాళ్లున్నా వద్దంటా.

పైగా దిగేది లింగాలగట్టు దగ్గర. అక్కడి నుంచి శ్రీశైలం పైకి బండి కావాలి. మీ బండి సాగర్‌లోనే ఉండిపోతుంది కదా, డ్రైవరుంటే ఆయన దేవరకొండ, డిండి, మన్ననూర్ మీదుగా శ్రీశైలం తెచ్చి పెట్టాలి. మీరే నడుపుకుంటూ వచ్చినవాళ్లయితే ఈ ట్రిప్ లెక్క మొత్తం మారిపోతుంది. తిరుగు ప్రయాణంలో ఇంకో ఇబ్బంది, అడవి దారిలో మన్ననూర్ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. దర్శనం చేసుకుని అదే రాత్రి ఇంటికి పోదామనుకుంటే టెన్షన్ పడాలి. శ్రీశైలంలో సత్రంలో గది ముందే చూసుకుని ఒక రాత్రి ఉండండి. కార్తీక మాసంలో, శివరాత్రికి అయితే గది దొరికాకే లాంచీ టికెట్ కొనండి, ముందు అది, తర్వాత ఇది.

కురువపురం ఈ మూడిటి పక్కన పెట్టి పోల్చాల్సింది కాదు గానీ, మా వైపు పెద్దవాళ్లు అడుగుతారు కాబట్టి రాస్తున్నా. శ్రీపాద శ్రీవల్లభుల క్షేత్రం, కృష్ణ మధ్యలో దీవి, కర్ణాటకలోని రాయచూరు జిల్లా కిందికి వస్తుంది. మన వైపు మక్తల్ మీదుగా పంచదేవ్‌పహాడ్ పోయి అక్కడ నది దాటాలి. పుట్టి, అంటే గుండ్రటి బుట్ట పడవ, ఎక్కడం పిల్లలకు భలే సరదా, గుండ్రంగా తిరుగుతూ పోతుంది. కానీ పుట్టిలో కింద కూర్చోవాలి, లేవాలి, అంచు పట్టుకుని దిగాలి. మోకాళ్లు వంగని మనిషికి అది కుదరదు, మోటారు బోటు ఉన్న రోజే తీసుకుపోవాలి. ఎగువన నారాయణపూర్ డ్యాం నుంచి నీళ్లు వదిలితే నది ఒక్కసారిగా పెరుగుతుంది, అప్పుడు ఎవరెంత రమ్మన్నా ఎక్కొద్దు. విహారం కోసమైతే నేను ఇది చెప్పను. మొక్కు ఉంటే పోవాల్సిందే, అప్పుడు చలికాలంలో, పొద్దున పోయి మధ్యాహ్నానికి ఇవతలికి వచ్చేయాలి.

నల్లగొండ వైపు పెద్దవాళ్లకు నదిని చూస్తే చాలు, బోటు అక్కర్లేదు అనుకునే ఇళ్లు కూడా ఉంటాయి. వాళ్లకు వాడపల్లి చెప్తా. కృష్ణలో మూసీ కలిసే చోటు, అగస్త్యేశ్వరుడి గుడి, ఘాటు మెట్ల మీద కూర్చుని పులిహోర తిని రావడం. మా అమ్మకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైంది. లైఫ్ జాకెట్.

మన కృష్ణలోనే 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి పదుల మంది పోయారు. 2017 నవంబర్‌లో విజయవాడ దగ్గర, 2019 సెప్టెంబర్‌లో గోదావరి మీద కచ్చులూరు దగ్గర. కుటుంబాలకు కుటుంబాలే పోయాయి. ఇవి రాసి భయపెట్టడం నా ఉద్దేశం కాదు, కానీ ఒడ్డున నిలబడి "ఏం కాదులే అమ్మా, రోజూ తిప్పుతున్నాం" అని ఎవరైనా అంటే ఈ మూడు ఊర్లు గుర్తు తెచ్చుకోండి. బోటులో జాకెట్లు ఒక మూలన కుప్పగా ఉంటే ఉన్నట్టు కాదు, ఒంటి మీద ఉండాలి, బెల్టులు బిగించి ఉండాలి. చిన్నపిల్లలకు పెద్దవాళ్ల జాకెట్ వేస్తే నీళ్లలో పడగానే పైకి జారిపోతుంది. చిన్న సైజు ఉందా అని బేరానికి ముందే అడగండి, లేకపోతే కొనుక్కుని వెంట తీసుకుపోండి. మేం అలాగే రెండు కొన్నాం. చీర కట్టిన వాళ్లు కొంగు లోపల దోపి పైన జాకెట్ వేసుకోవాలి. అత్తమ్మకు మొదట ఉక్కగా ఉందని నచ్చలేదు, మామయ్య ముందు వేసుకుని చూపిస్తే వేసుకుంది.

చిన్న బోట్లలో ప్లాస్టిక్ కుర్చీలు వేస్తారు, చూడ్డానికి మర్యాదగా ఉంటుంది గానీ బోటు మలుపు తిరిగినప్పుడు అవి జారతాయి. పెద్దవాళ్లను చెక్క బల్ల మీద, మధ్యలో, ఇంజన్‌కు దూరంగా కూర్చోబెట్టండి. డీజిల్ వాసనకే సగం మందికి వాంతులు. ఫోటో కోసం అందరూ ఒకే పక్కకు పోవద్దు, ఇది పిల్లలకు కాదు, మా మరిది లాంటి పెద్ద పిల్లలకు గట్టిగా చెప్పాలి. నడిపే అతను తాగి ఉన్నాడని ఏ మాత్రం అనుమానం వచ్చినా అడ్వాన్స్ పోయినా సరే దిగిపోవాలి. మబ్బు పట్టి గాలి లేస్తే పోవద్దు. సాయంత్రం 5 లోపు ఒడ్డున ఉండాలి.

చిన్న బోటులో బాత్రూం ఉండదు, అందుకే చిన్న బోటుకు రెండు గంటలే నా హద్దు. ఎక్కే ముందే అందరినీ పంపాలి, ముసలివాళ్లు దీనికోసమే నీళ్లు తాగడం మానేస్తారు, అది ఇంకా ప్రమాదం, షుగరు ఉన్నవాళ్లకు మరీ. మామయ్యకు జేబులో రెండు చాక్లెట్లు, అరటిపండు ఎప్పుడూ పెడతాం. సద్ది కట్టుకుపోతే పులిహోర, పెరుగన్నం, మామిడి తొక్కు, చిన్నవాళ్లకు మురుకులు. కారం ఎక్కువున్నవి, నూనెవి బోటులో వద్దు. సంచీలో ఖాళీ కవర్లు పెట్టుకోండి, విస్తరాకులు, సీసాలు నీళ్లలో వేయకుండా తిరిగి తెచ్చుకోవడానికి.

ఇవన్నీ కలిపి ఎవరికి ఏది అంటే, నడవలేని పెద్దవాళ్లు, 6 ఏళ్ల లోపు పిల్లలు ఇద్దరూ ఉన్న ఇంటికి శీతాకాలం సోమశిల, పొద్దున గంటన్నర, బోటు మొత్తం. నీళ్లంటే భయపడే వాళ్లు, బోటే వద్దనే వాళ్లు గుంపులో ఎక్కువుంటే సాగర్. నడిచే పెద్దవాళ్లు, ఎదిగిన పిల్లలు, రెండు రోజుల సెలవు, డ్రైవరు ఉంటే శ్రీశైలం లాంచీ. ఒకే కుటుంబంలో ఇవన్నీ కలిసి ఉంటే, మా లాగా, రెండుగా విడిపోవడంలో తప్పేమీ లేదు. కుర్రాళ్లు లాంచీలో పోతారు, పెద్దవాళ్లు, చిన్నవాళ్లు బండిలో శ్రీశైలం చేరి సత్రంలో కాళ్లు చాపుకుంటారు, సాయంత్రం అందరూ ఒకే చోట భోంచేస్తారు. అందరూ ఒకే బోటులో ఉంటేనే కలిసి పోయినట్టు అని ఒకప్పుడు నేనూ అనుకునేదాన్ని. ఎండలో ఆ చెట్టు కింద కూర్చున్న ఇద్దరినీ చూశాక మానేశా.

ఈ సంక్రాంతికి మేం మళ్లీ సోమశిలే అనుకున్నాం. కనుమ మర్నాడు, పొద్దున 8 గంటలకు, రెండు బోట్లు, ఒక్కో దాంట్లో ఏడుగురు. అత్తమ్మ ఉన్న బోటు ముందు పోతుంది, కుర్రాళ్లది వెనక. ఆ వారం శ్రీశైలం మట్టం పేపర్లో చూసే పని మామయ్యకు అప్పజెప్పాం.